తనిఖీ కాగితం ఎవరి చేతికి చేరాలి?

1924 వేసవిలో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర కార్మిక శాఖకు ఒక పట్టిక అందింది. ఆరంజ్ పట్టణంలో గడియారాల డయళ్ళకు చీకట్లో మెరిసే రంగు వేసే ఫ్యాక్టరీలో పనివాళ్ళకు చేసిన రక్తపరీక్షల సారాంశం అది. దాని ప్రకారం అక్కడి అమ్మాయిలందరూ నిక్షేపంలా ఉన్నారు. పరీక్షలు చేసింది హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు కాబట్టి శాఖ తృప్తిపడి ఊరుకుంది. నిజానికి హార్వర్డ్ బృందం కంపెనీకిచ్చిన నివేదికలో ఉన్నది ఇందుకు పూర్తిగా తలకిందులు. దాదాపు ఎవరి రక్తమూ మామూలుగా లేదని వాళ్ళు రాశారు. యునైటెడ్ స్టేట్స్ రేడియం కార్పొరేషన్ అధ్యక్షుడు ఆర్థర్ రోడర్ ఆ నివేదికను తన దగ్గరే అట్టేపెట్టుకుని, తనకు అనుకూలంగా మార్చిన పట్టికను ప్రభుత్వానికి పంపాడు.

రేడియం రంగు వేసిన అమ్మాయిల కథను మామూలుగా కంపెనీ లోభం కథగా చెబుతారు. లోభం ఉన్న మాట నిజమే. కానీ ఫ్యాక్టరీల ఆరోగ్య తనిఖీ గురించి ఆలోచించేవారికి అందులో ఇంకా పనికొచ్చే సంగతి ఉంది. ఆ ఫ్యాక్టరీకి తనిఖీ చేసేవాళ్ళు రాకపోలేదు. ప్రభుత్వం వాళ్ళు వచ్చారు, రసాయన నిపుణుడు రంగును పరీక్షించాడు, పెద్ద విశ్వవిద్యాలయం నుంచి వైద్యులు వచ్చారు. అయినా కొన్నేళ్ళపాటు ఎవరికీ మేలు జరగలేదు. లోపం ఎక్కడుందో వెతికితే, తనిఖీని అమర్చుకున్న తీరులో దొరుకుతుంది. ఏం చూశారు, ఎవరిని చూశారు, చూసినది ఎవరికి చెప్పారు? ఈ మూడు ప్రశ్నలూ మనం కూడా వేసుకోదగ్గవే.

ముందు పని ఎలా ఉండేదో చూద్దాం. అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగిన 1917లోనే ఆరంజ్‌లో ఈ పని ఊపందుకుంది. సైనికుల చేతి గడియారాలు, విమానాల్లోని మీటర్లు చీకట్లోనూ కనిపించాలి. జింక్ సల్ఫైడ్ పొడిలో అతి కొద్దిగా రేడియం కలిపి, నీళ్ళూ తుమ్మజిగురూ చేర్చి రంగు తయారుచేసేవారు. సన్నని కుంచెతో ఒక్కో అమ్మాయి రోజుకు 250 డయళ్ళ దాకా అంకెలు దిద్దేది. కూలి డయలుకు ఒకటిన్నర సెంట్లు. నాలుగు అంకెలు దిద్దేసరికి కుంచె కొస చెదిరిపోతుంది. దాన్ని పెదాల మధ్య పెట్టి సన్నం చేసుకోమని పనిలో చేరిన రోజే నేర్పేవారు. అలా చేసిన ప్రతిసారీ కాస్త రంగు నోట్లోకి పోయేది. రేడియం స్వభావం కాల్షియం లాంటిది. ఒంట్లో చేరినదానిలో కొంత ఎముకల్లో నిలిచిపోతుంది. అది సగానికి తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది.

1922 సెప్టెంబరులో మాలీ మాజియా అనే కార్మికురాలు దవడ ఎముక కుళ్ళిపోయి, 24 ఏళ్ళ వయసులో చనిపోయింది. మరణ ధ్రువపత్రంలో కారణం సిఫిలిస్ అని రాశారు. మరికొందరికి కూడా పళ్ళూ దవడా పాడవడంతో 1923 మొదట్లో రాష్ట్ర కార్మిక శాఖ ఫ్యాక్టరీ మీద దృష్టి పెట్టింది. దవడ కుళ్ళడం అనగానే అప్పటివాళ్ళకు గుర్తొచ్చేది అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు. వాటిలో వాడిన తెల్ల భాస్వరం అగ్గిపుల్లల కార్మికుల దవడలను సరిగ్గా అలాగే తినేసింది. అందుకని రంగులో భాస్వరం ఉందేమో చూడమని మార్టిన్ జమటోల్‌స్కీ అనే రసాయన నిపుణుడికి ఇచ్చారు. భాస్వరం లేదనీ, తన అనుమానం రేడియం మీదేననీ, పనివాళ్ళను హెచ్చరించాలనీ ఆయన రాసిపంపాడు. ఆ ఉత్తరం ఫైల్లోకి వెళ్ళింది. పరిహారం ఇవ్వదగ్గ వృత్తిరోగాలు అప్పటి న్యూజెర్సీ చట్టంలో తొమ్మిదే. రేడియం వాటిలో లేదు. జాబితాలో ఉన్న జబ్బుకైనా ఐదు నెలల్లోగా దావా వేయాలి. పని పద్ధతిని ఆపించే అధికారం శాఖకు లేదు. జాబితాలో లేని జబ్బును పట్టుకునే దారి తనిఖీకి వచ్చినవాళ్ళకు చట్టం చూపలేదు.

అదే కాలంలో యూరప్‌లో ఇదే పని వేరే పద్ధతుల్లో జరిగేది. స్విట్జర్లాండ్‌లో గాజు పుల్లలతో రంగు పెట్టేవారు. ఫ్రాన్స్‌లో కొసకు దూది చుట్టిన సన్నటి పుల్లలు వాడేవారు. వాటిని నోట్లో పెట్టుకునే అవసరమే రాదు. పదార్థం ఒకటే, పనిముట్టు మారితే ఒంట్లోకి పోయేది ఎంతో తగ్గింది. న్యూజెర్సీ ఇన్‌స్పెక్టర్లు రంగులో ఏముందో అడిగారు. ఆ రంగు చేతి నుంచి నోటికి ఎలా వెళ్తోందన్నది కూడా అంతే గట్టిగా అడిగి ఉంటే, కుంచె మార్చమని సలహా ఇవ్వడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేకపోయేది.

మన దగ్గర తనిఖీ అనగానే లైసెన్సు, హాజరు రిజిస్టరు, మంటలార్పే సిలిండరు గడువు ముందుకొస్తాయి. అవి అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ చీమకుర్తి గ్రానైట్ యూనిట్‌లోనో, మార్కాపురం పలకల షెడ్డులోనో, పలుగురాయి పొడి చేసే మిల్లులోనో మనిషి ఊపిరితిత్తులను కాపాడేది చిన్న చిన్న పద్ధతులే. రాయిని పొడిగా కోస్తున్నారా, నీళ్ళు పెట్టి కోస్తున్నారా? నేలను చీపురుతో ఊడుస్తున్నారా, తడిపి తుడుస్తున్నారా? పని దిగాక బట్టల మీది దుమ్మును కంప్రెసర్ గాలితో కొట్టుకుంటున్నారా? ఆరంజ్‌లో కుంచె కొస ఎలాంటిదో ఇక్కడ ఈ దుమ్ము అలాంటిది. ఇన్‌స్పెక్టరు ఒక గంట రిజిస్టర్లు పక్కన పెట్టి చేతుల కదలిక చూస్తే తెలిసిపోయే సంగతులివి.

బ్రిటన్ ఈ విషయంలో ముందే ఒక ఉపాయం కనిపెట్టింది. ఇన్‌స్పెక్టరు ఏడాదిలో ఏ ఒక్కరోజో ఫ్యాక్టరీకి వెళ్తాడు. వైద్యుడి దగ్గరికి మాత్రం జబ్బుపడ్డవాళ్ళు తమంతట తామే వస్తారు. అందుకని సీసం, భాస్వరం, ఆర్సెనిక్ విషాలూ ఆంత్రాక్స్ కనిపిస్తే వైద్యులు ఫ్యాక్టరీల ప్రధాన ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలని 1895లోనే చట్టం చేశారు. 1898లో థామస్ లెగ్ అనే వైద్యుణ్ణి ఫ్యాక్టరీల మెడికల్ ఇన్‌స్పెక్టరుగా నియమించారు. జబ్బుల సమాచారం ఏటా ఒకచోట పోగుపడితే, ఏ పరిశ్రమలో ఏది పెరుగుతోందో కనిపించింది. ఆరంజ్‌లో దంతవైద్యులు దవడలు చూశారు, మరో వైద్యుడు రక్తహీనత చూశాడు, ఇంకొకరు తుంటినొప్పి చూశారు. ఎవరికి వారు చూసినదాన్ని కలిపి చూసే కుర్చీ అక్కడ లేదు.

ఆ కుర్చీ మన దేశంలో ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 89వ సెక్షన్, మూడో షెడ్యూలులోని జబ్బుల్లో ఏది కనిపించినా వైద్యుడు చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాయాలంది. ఆ జాబితాలో రేడియం వల్ల కలిగే జబ్బులనూ, సిలికోసిస్‌నూ చేర్చారు. వైద్యుడి నివేదిక సరైనదని తేలితే ఆయనకు ఫీజు ఇచ్చి, ఆ డబ్బు ఫ్యాక్టరీ నుంచి వసూలు చేయవచ్చని కూడా రాశారు. అయినా రాయి పనిచేసే మనిషి దగ్గుతో ఆసుపత్రికి వెళ్తే చాలాసార్లు క్షయ మందులే చేతికొస్తాయి. దుమ్ము వల్ల వచ్చిన జబ్బు క్షయ పేరుతో నమోదవుతుంది, మాలీ మాజియా జబ్బు సిఫిలిస్ పేరుతో నమోదైనట్టే. నువ్వేం పని చేస్తావని రోగిని అడగమని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే రాశాడు. మన ఓపీ చీటీల్లో పేరు, వయసు, ఊరు ఉంటాయి. చేసే పనికి చాలాచోట్ల గడి ఉండదు. ఆ ఒక్క గడి పెట్టడానికి కావలసింది బడ్జెట్ కాదు, ఒక జీవో.

ఇక ఎవరిని చూశారన్నది రెండో ప్రశ్న. హార్వర్డ్ నుంచి వచ్చిన సెసిల్ డ్రింకర్, కేథరిన్ డ్రింకర్, విలియం కాజిల్ పని గదిని నిశితంగా పరిశీలించారు. అమ్మాయిలను చీకటిగదిలో నిలబెడితే జుట్టు, ముఖం, చేతులు, మెడ, బట్టలు, చివరికి లోదుస్తులు కూడా మెరిశాయి. అయితే అప్పటికే జబ్బు ముదిరినవాళ్ళలో ఎక్కువమంది ఆ గదిలో లేరు. పని మానేసి రెండు మూడేళ్ళయి, కొందరు పెళ్ళిళ్ళు చేసుకుని, కొందరు బ్యాంకుల్లోనో దుకాణాల్లోనో చేరి ఊళ్ళో చెల్లాచెదురుగా ఉన్నారు. గేటు లోపల ఉన్నవాళ్ళను మాత్రమే చూసే తనిఖీకి, నెమ్మదిగా ముదిరే జబ్బు ఎప్పుడూ చిక్కదు.

ఆ చెల్లాచెదురైన వాళ్ళను వెతికింది ప్రభుత్వం కాదు. పట్టణ ఆరోగ్యాధికారి లెనోర్ యంగ్ కోరగా, న్యూజెర్సీ కన్స్యూమర్స్ లీగ్ కార్యదర్శి కేథరిన్ వైలీ ఇళ్ళకు వెళ్ళి జబ్బుపడ్డవాళ్ళతో, చనిపోయినవారి ఇంటివాళ్ళతో మాట్లాడింది. హార్వర్డ్‌లో వృత్తిరోగాలు బోధించే ఆలిస్ హామిల్టన్‌కు సంగతి చెప్పింది. కంపెనీ మీ పేరు చెప్పుకుని తప్పుడు పట్టిక పంపిందని 1925లో హామిల్టన్ ద్వారానే డ్రింకర్లకు తెలిసింది. దావా వేస్తామని రోడర్ బెదిరించినా, వాళ్ళు ఆ ఏడాది ఆగస్టులో తమ పరిశోధనను అచ్చు వేశారు. బీమా కంపెనీ గణాంక నిపుణుడు ఫ్రెడరిక్ హాఫ్‌మన్ అంతకుముందే, మే నెలలో, ఈ మరణాలను అమెరికా వైద్య సంఘం ముందుంచాడు. గట్టి మాటకారులో పెద్ద హోదా ఉన్నవాళ్ళో కలిసి చేసిన ఉద్యమం కాదిది. నలుగురైదుగురు తమకు తెలిసిన ముక్కలను ఒకరికొకరు అందించుకున్నారు, అంతే.

ఇక్కడ మన చట్టం నాటి న్యూజెర్సీ కంటే చాలా ముందుంది. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన 41సి సెక్షన్, ప్రమాదకర పదార్థాలతో పనిచేసేవారికి చేరేముందు, పనిలో ఉన్నంతకాలం, పని మానేశాక కూడా 12 నెలలకు మించని వ్యవధిలో వైద్యపరీక్షలు చేయించాలంది. పని మానేశాక అన్న ఆ మాట రాసినవాళ్ళకు దండం పెట్టాలి. కానీ మానేసిన మనిషిని ఎవరు వెతకాలి? క్వారీలోనో రసాయనాల ఫ్యాక్టరీలోనో పనిచేసేవాళ్ళలో చాలామంది కాంట్రాక్టరు తెచ్చినవాళ్ళు. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి, రెండేళ్ళు చేసి వెళ్ళిపోతారు. పాలమూరు నుంచి వలసపోయిన మనవాళ్ళు దూర ప్రాంతాల్లో అలాగే పనిచేసి, ఊపిరాడని స్థితిలో ఇంటికి తిరిగొస్తారు. ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ నిర్దేశిత వయసు దాటిన ఉద్యోగులకు ఏటా ఉచిత వైద్యపరీక్షకు చోటిచ్చింది. మంచిదే. అయితే ఆరంజ్‌లో కుంచె పట్టినవాళ్ళలో చాలామంది ఇరవై ఏళ్ళ లోపు పిల్లలు. వయసును మాత్రమే చూసే పరీక్ష అలాంటి వాళ్ళను దాటిపోతుంది. చేసే పనిని చూసి పరీక్ష పెట్టే నియమాలు రాష్ట్రాలు గట్టిగా రాసుకోవాలి.

వెతకడం అసాధ్యమేమీ కాదని మన దేశంలోనే రాజస్థాన్ చూపింది. అక్కడి రాతి గనుల కూలీల దగ్గర ఎవరి కింద పనిచేశారో చెప్పే కాగితం ఉండదు. 2019 నాటి విధానంలో ఆ రాష్ట్రం కూలీ తనంతట తానే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకునే వీలు కల్పించింది. సిలికోసిస్ అని వైద్యుల బోర్డు ధ్రువీకరిస్తే 3 లక్షల రూపాయలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు ఇవ్వాలని నిర్ణయించింది. డబ్బు సంగతి అలా ఉంచితే, దరఖాస్తులు వచ్చిన ఊళ్ళను పటం మీద గుర్తుపెడితే తనిఖీ ఎక్కడ జరగాలో తెలిసిపోతుంది. మనకు ప్రతి ఊళ్ళో ఆశా కార్యకర్త ఉంది. ఏ ఇంట్లో ఎవరు దగ్గుతున్నారో, వాళ్ళు ఎక్కడ పనిచేసి వచ్చారో ఆమెకు తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలియదు. కేథరిన్ వైలీ ఒంటరిగా చేసిన పనిని చేయగల వేలమంది మన దగ్గర జీతం మీదో గౌరవ వేతనం మీదో ఇప్పటికే ఉన్నారు. వాళ్ళు రాసుకునే పుస్తకంలో ఇంకో వరుస చేరిస్తే చాలు.

మూడోది, చూసినది ఎవరికి చెప్పారన్న ప్రశ్న. ఎసెక్స్ కౌంటీ వైద్యాధికారి హారిసన్ మార్ట్‌ల్యాండ్ 1925లో అసలైన పరీక్ష కనిపెట్టాడు. రోగులు వదిలే ఊపిరిలో రేడియం నుంచి పుట్టిన వాయువును కొలిచాడు, చనిపోయినవాళ్ళ ఎముకల్లో రేడియోధార్మికతను కొలిచాడు. ఆ రంగును తయారుచేసిన సబిన్ వాన్ సోచోకీ కూడా ఆయన దగ్గర పరీక్ష చేయించుకుని, 1928లో రక్తహీనతతో చనిపోయాడు. 1927 అక్టోబరులో మాలీ మాజియా శవపేటికను వెలికితీసి చూస్తే ఎముకల్లో రేడియం ఉంది, సిఫిలిస్ ఆనవాలే లేదు. మార్ట్‌ల్యాండ్ ఫలితాలను వైద్య పత్రికలో బహిరంగంగా ప్రకటించాడు. ఐదుగురు స్త్రీలు వేసిన దావా 1928 జూన్‌లో రాజీతో ముగిసింది. ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏటా 600 డాలర్లు, వైద్యఖర్చులు దక్కాయి.

అక్కడికి దూరంగా ఇల్లినాయిస్ రాష్ట్రంలోని ఒట్టావాలో మరో కంపెనీ రేడియం డయల్ తన కార్మికులకు పరీక్షలు చేయించింది గానీ ఫలితాలు వాళ్ళకు చెప్పలేదు. న్యూజెర్సీ వార్తలకు భయపడిన ఊరిని శాంతపరచడానికి 1928లో స్థానిక పత్రికలో ప్రకటన వేసింది. తమ పనివాళ్ళలో అలాంటి జబ్బు ఏదీ లేదని అందులో చెప్పుకుంది. అక్కడి స్త్రీలకు న్యాయం దక్కడానికి మరో పదేళ్ళు పట్టింది. ఒకే దేశంలో, ఒకే జబ్బుకు, ఒకచోట ఫలితం పత్రికకెక్కింది, ఒకచోట బీరువాలో ఉండిపోయింది. తేడా అంతా అక్కడే వచ్చింది.

ఆ పాఠాన్ని అమెరికా ఆలస్యంగానైనా శ్రద్ధగా నేర్చుకుంది. 1941లో మార్ట్‌ల్యాండ్, భౌతిక శాస్త్రవేత్త రాబ్లీ ఎవాన్స్ తదితరుల కొలతల ఆధారంగా, మనిషి ఒంట్లో 0.1 మైక్రోగ్రాము రేడియానికి మించకూడదని జాతీయ ప్రమాణాల సంస్థ హద్దు పెట్టింది. కుంచెను నోట్లో పెట్టడం ఆగాక చేరినవాళ్ళలో ఎముక క్యాన్సర్ దాదాపు కనిపించలేదు. అణుబాంబు పథకంలో ప్లుటోనియంతో పనిచేసేటప్పుడు గ్లెన్ సీబోర్గ్ 1944లోనే ఈ అమ్మాయిలను గుర్తుచేసుకుని జాగ్రత్తలు కోరాడు. తర్వాత 1970లో వచ్చిన వృత్తి భద్రత చట్టం తనిఖీ సమయంలో కార్మికుల ప్రతినిధి ఇన్‌స్పెక్టరు వెంట నడిచే హక్కు ఇచ్చింది. హానికర పదార్థాల మధ్య పనిచేసినవారి వైద్య రికార్డులను ఉద్యోగకాలం ముగిశాక మరో 30 ఏళ్ళు భద్రపరచాలని, అడిగిన కార్మికుడికి చూపాలని 1980లో నియమం వచ్చింది.

మనం కూడా ఒక రంగంలో ఇది చేసి చూపించాం. అణుశక్తి నియంత్రణ మండలి పరిధిలో ఎక్స్‌రే టెక్నీషియన్ల నుంచి తుమ్మలపల్లె యురేనియం గని కార్మికుల దాకా రేడియేషన్ మధ్య పనిచేసేవాళ్ళకు లెక్క ఉంది. ఐదేళ్ళలో మొత్తం 100 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఉద్యోగం మారినా ఆ మోతాదు లెక్క జాతీయ రిజిస్టరులో మనిషి పేరు మీద కొనసాగుతుంది. ఇదే పద్ధతిని సిలికా దుమ్ముకు, సీసానికి, ద్రావకాలకు విస్తరించడానికి కొత్తగా సిద్ధాంతమేమీ అక్కర్లేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయే రికార్డును మనిషి వెంట నడిపించాలి.

బయటివాళ్ళను చూసి నేర్చుకునేటప్పుడు వాళ్ళ పొరపాట్లను కూడా చూడాలి. గాజు పుల్లలు వాడిన స్విట్జర్లాండ్‌లోనే డయళ్ళ పనిని ఇళ్ళకు కూడా ఇచ్చారు. జూరా ప్రాంతంలో వంటగదుల్లో, ముందుగదుల్లో రేడియం రంగు వేసేవారు. ఏ ఇన్‌స్పెక్టరూ ఆ గడప తొక్కలేదు. 1963లో రేడియేషన్ నిబంధనలు వచ్చి ఆ పని ఆగినా, పాత ఇళ్ళలో ఆ పదార్థం మిగిలే ఉంది. 2015లో ఆ ప్రభుత్వం ప్రత్యేక పథకం పెట్టి వెయ్యికి పైగా భవనాలను కొలిపించవలసి వచ్చింది. ఫ్యాక్టరీలో చట్టం పక్కాగా ఉండి, ఇంట్లో పనికి లెక్క లేకపోతే ప్రమాదం ఇంటికి చేరుతుంది. నిజామాబాద్, జగిత్యాల ఇళ్ళల్లో పొగాకు దుమ్ము మధ్య బీడీలు చుట్టే ఆడవాళ్ళను ఏ తనిఖీ లెక్కలో వేసుకోవాలో మనమూ తేల్చుకోవాలి.

ఇవన్నీ చూశాక చేయదగ్గ పనులు చేతికందేంత దూరంలోనే కనిపిస్తాయి. వైద్యపరీక్ష ఫలితం ముందు కార్మికుడి చేతికి, అర్థమయ్యే తెలుగులోనో అతని సొంత భాషలోనో ఇవ్వాలి. వైద్యుడి సంతకంతో అదే ప్రతి నేరుగా శాఖకు వెళ్ళాలి, యజమాని మీదుగా కాదు. పని మానేసినవాళ్ళ జాబితా తనిఖీ ఫైల్లో భాగం కావాలి. ఇన్‌స్పెక్టరు వెంట పనిచేసేవాళ్ళలో ఒకరు నడవాలి. మంచి యజమానికి వీటిలో నష్టం లేదు. తన ఫ్యాక్టరీ శుభ్రంగా ఉందని ఊరంతటికీ రుజువు చూపించే వీలు అతనికే వస్తుంది. 1924లో ఆరంజ్‌లో జరిగిన పరీక్ష ఫలితాలను అదే వారంలో ఆ అమ్మాయిలకు ఇచ్చి ఉంటే, కుంచెను నోట్లో పెట్టుకోవాలో వద్దో వాళ్ళే తేల్చుకునేవారు. తనిఖీకి అంతకంటే పెద్ద ప్రయోజనం ఇంకేం కావాలి?